ఫొటోలన్నీ ఒకేసారి చిన్నవి చేయడం ఎలా?

పోయిన నెల సైన్సు మూలలో దోమల గురించి చదివాం. ఈ నెల నేను కంప్యూటర్లో ఒకే ఒక్క పని గురించి రాస్తున్నాను. బోలెడు ఫొటోలను ఒకేసారి చిన్నవి చేయడం ఆ పని. కంప్యూటర్ సార్ చూపించారు. తర్వాత మేము నలుగురం కూర్చుని మొత్తం చేశాం.

ఇదీ ఒక చదువేనా అని కొందరు నవ్వారు. ఎందుకు కావాలో ముందు చెప్తాను. ఇప్పుడు పరీక్షకైనా, స్కాలర్‌షిప్పుకైనా, కాలేజీ సీటుకైనా ఫారం కంప్యూటర్లోనే నింపాలి. అందులో ఫొటో 50 కె.బి. లోపు ఉండాలనో, 100 కె.బి. లోపు ఉండాలనో రాసి ఉంటుంది. ఒక్కో ఫారానికి ఒక్కో లెక్క. ఫోనుతో తీసిన ఫొటో మూడు నాలుగు ఎం.బి. ఉంటుంది. ఒక ఎం.బి. అంటే 1,024 కె.బి. అంటే మన ఫొటో వాళ్ళు అడిగినదానికి అరవై డెబ్బై రెట్లు పెద్దది. ఎక్కించబోతే ఎర్ర అక్షరాలు వచ్చి ఆగిపోద్ది.

అప్పుడు మండలం సెంటర్లో నెట్ షాపుకి వెళ్ళాలి. ఒక్కో ఫొటోకి 20 రూపాయలు తీసుకుంటారు. తొమ్మిది, పది తరగతులు కలిపి మనం 78 మందిమి. గుణించండి, 1,560 రూపాయలు. జీపు ఛార్జీ వేరే. నాన్నకి ఆ రోజు కూలి పోద్ది. పోనీ సరిగ్గా చేస్తారా అంటే, ఒక షాపులో మా ఊరి అక్క ఫొటోని రెండు పక్కలా నొక్కేసి ముఖం ఆనపకాయలాగ పొడుగు చేసి ఎక్కించారు. ఆ ఫొటో పనికిరాదని ఫారం వెనక్కి వచ్చింది. అప్పటికి ఆఖరి తేదీ దాటిపోయింది. అక్క ఆ సంవత్సరమంతా ఇంటి దగ్గరే ఉండిపోయింది. మన ల్యాబులో మూడు కంప్యూటర్లు పనిచేస్తున్నాయి. కరెంటు ఉంటే అరగంటలో మన ఫొటోలన్నీ మనమే చిన్నవి చేసుకోవచ్చు.

ఇక అసలు విషయం. కంప్యూటర్లో ఫొటో అంటే చిన్న చిన్న గడులు. లెక్కల నోటుబుక్కులో గడుల కాగితం ఉంటుంది కదా, అలాంటిది. ఒక్కో గడికి ఒకే రంగు. ఆ గడిని పిక్సెల్ అంటారు. పక్కన నేను పెన్సిలుతో గీసిన బొమ్మ చూడండి. దూరం నుంచి కన్నులా ఉంటుంది, దగ్గరికొస్తే గడులే. మేము వాడిన ఫోను ఫొటో అడ్డంగా 3,000 గడులు, నిలువుగా 4,000 గడులు. పొలం వైశాల్యం కట్టినట్టే కట్టాలి. 3,000 × 4,000 = 1,20,00,000. కోటీ ఇరవై లక్షల గడులన్నమాట. ఒక్కో గడిలో ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు రాసి పెట్టాలి. అంటే మూడు కోట్ల అరవై లక్షల అంకెలు. ఒక్క మనిషి ముఖానికి!

ఫారంలో కనపడే ఫొటో మన పోస్టు బిళ్ళ కన్నా కొంచెం పెద్దది. దానికి కోటి గడులెందుకు? అడ్డం 350, నిలువు 450 చాలు. పాస్‌పోర్టు సైజు ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది కాబట్టి ఆ కొలతకి ఇది సరిగ్గా సరిపోద్ది. 350 × 450 = 1,57,500 గడులు మాత్రమే.

ఇక్కడ ఒకటి గమనించాలి. వెడల్పు సగం చేస్తే ఫొటో సగం అవుద్ది అనుకుంటారు చాలామంది. వెడల్పూ ఎత్తూ రెండూ సగమైతే గడులు నాలుగో వంతు అవుతాయి. వెడల్పు, ఎత్తు ఎనిమిదో వంతు చేస్తే గడులు అరవై నాలుగో వంతు. అంటే 64 గడులు పోయి వాటి చోట ఒక్క గడి మిగులుద్ది.

ఆ ఒక్క గడికి ఏ రంగు వేయాలి? సుమారుగా చెప్పాలంటే కంప్యూటర్ ఆ 64 గడుల సరాసరి తీస్తుంది. సరాసరి మనం ఏడో తరగతిలోనే నేర్చుకున్నాం. 64 మంది పిల్లలు పరీక్ష రాశారనుకోండి. 63 మందికి 10 మార్కుల చొప్పున వచ్చాయి, ఒక్క పిల్లకి 74 వచ్చాయి. మొత్తం 704. సరాసరి 11. ఇప్పుడు మార్కుల కాగితాలన్నీ చించేసి 11 అనే అంకె ఒక్కటే ఉంచారు. ఆ 74 తెచ్చుకున్న పిల్ల ఎవరో, అసలు అలాంటి పిల్ల ఉందో లేదో ఆ 11ని చూసి ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరు. ఫొటో చిన్నది చేసినప్పుడు జరిగేది ఇదే. తర్వాత మళ్ళీ పెద్దది చేస్తే గడులు వస్తాయి గానీ పోయినవి రావు. 11నే అరవై నాలుగుసార్లు రాసినట్టు మసకగా వస్తాయి.

మా రూములో ఒక అమ్మాయి దగ్గర వాళ్ళ అవ్వ ఫొటో ఉంది. అవ్వ చనిపోయి రెండేళ్ళయింది. ఇంకే ఫొటో లేదు. అవ్వ నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు ఉన్నాయి. పెద్ద ఫొటోలో ఒక్కో చుక్క ఏడెనిమిది గడుల వెడల్పు ఉంది. చుక్కలు లెక్కపెట్టగలం. దాన్నే 350కి తగ్గించి చూశాం. పచ్చబొట్టు చుక్కలు చుట్టూ ఉన్న చర్మం రంగులో కలిసిపోయాయి. ముఖం అవ్వదే, బొట్లు మాత్రం లేవు. మా ఊళ్ళలో ఇప్పటి పిల్లలు ఎవరూ ఆ బొట్లు పొడిపించుకోవడం లేదు. ఆ పెద్ద ఫొటో పోతే అవి ఎలా ఉండేవో మళ్ళీ చూసే దారి లేదు. అందుకే నేను చెప్పేదంతా ఒక్క సూత్రం మీద ఉంటుంది. చిన్నది చేసేది నకలుని మాత్రమే. అసలుని ముట్టుకోకూడదు.

ఇప్పుడు చేసే పద్ధతి. గింప్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఫొటోకి ఎన్నో చేయవచ్చు గానీ మామూలుగా ఒక్కొక్కటే తెరిచి చేయాలి. 78 సార్లు తెరవడం, తగ్గించడం, దాచడం ఎవరి వల్ల అవుద్ది? మేము వాడింది ఇర్ఫాన్‌వ్యూ. బోస్నియా దేశంలో పుట్టిన ఇర్ఫాన్ స్కిల్యాన్ అనే ఆయన దీన్ని తయారుచేశారు. 1996లో మొదటిసారి బయటికి వచ్చింది. దాని గుర్తు ఎర్రగా చితికిపోయినట్టున్న పిల్లి. చూసి భయపడకండి. ఇంట్లోకి, చదువుకి వాడితే డబ్బులు కట్టక్కర్లేదు. చిన్న సాఫ్ట్‌వేర్ కాబట్టి మన పాత విండోస్ కంప్యూటర్లలో కూడా నడుస్తుంది.

అసలు సగం పని కంప్యూటర్ తెరవక ముందే ఉంది. ఫొటోలు తీసేటప్పుడే జాగ్రత్త పడాలి. వరండాలో తెల్ల గోడ దగ్గర కుర్చీ వేసి, కుర్చీ కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీత గీశాం. ఎదురుగా బల్ల పెట్టి ఫోనుని ఇటుకలకి ఆనించి నిలువుగా నిలబెట్టాం. దాన్ని చివరిదాకా కదపలేదు. అలా చేస్తే అందరి తలా ఇంచుమించు ఒకే చోట వస్తుంది. పొట్టివాళ్ళకి కింద పుస్తకాలు వేశాం. ఎందుకింత అంటే, కంప్యూటర్ ముఖం ఎక్కడుందో చూసి కత్తిరించదు. మనం ఒకసారి చెప్పిన కొలతే అన్నిటికీ వేసేస్తుంది. ఒకరు పక్కకి కూర్చుంటే ఆమె చెవి తెగిపోద్ది.

కేబులు పెట్టి ఫొటోలన్నీ ఫోను నుంచి కంప్యూటర్లోకి ఎక్కించి ‘పెద్దవి’ అనే ఫోల్డర్లో పెట్టండి. పక్కన ‘కత్తిరించినవి’, ‘చిన్నవి’ అని రెండు ఖాళీ ఫోల్డర్లు తయారుచేయండి. ఇర్ఫాన్‌వ్యూ తెరిచి కీబోర్డు మీద బి అక్షరం నొక్కండి. బ్యాచ్ కన్వర్షన్ అనే పెద్ద పెట్టె తెరుచుకుంటుంది. బ్యాచ్ అంటే జట్టు. జట్టు మొత్తానికి ఒకే పని చెప్పే చోటు ఇది. కుడి పక్కన ‘పెద్దవి’ ఫోల్డర్ చూపించి యాడ్ ఆల్ నొక్కితే ఫొటోల పేర్లన్నీ జాబితాలోకి దిగుతాయి. లెక్క చూసుకోండి, 78 ఉండాలి. అవుట్‌పుట్ ఫార్మాట్ దగ్గర జె.పి.జి. పెట్టాలి. దాచే చోటుగా ‘కత్తిరించినవి’ ఫోల్డర్ చూపించాలి. ఇది మరవకండి. అసలు ఫోల్డరే చూపిస్తే నకళ్ళు వెళ్ళి అసళ్ళ మీద కూర్చుంటాయి.

మేము రెండు విడతలుగా చేశాం. మొదటి విడత కత్తిరించడం. 35కి 45 అంటే 7కి 9. మన ఫొటో 3,000కి 4,000, అంటే 3కి 4. రెండు నిష్పత్తులూ ఒకటి కావు. అలాగే 350, 450 అని కొడితే ముఖం కొంచెం అడ్డంగా సాగుద్ది. ఫోను అడ్డంగా పట్టుకుని తీసిన ఫొటో అయితే ఇంక చెప్పక్కర్లేదు, ఆనపకాయే. కాబట్టి ముందు 7కి 9 కొలతలో ముక్క తీసుకోవాలి. 7ని 400తో, 9ని 400తో గుణిస్తే 2,800, 3,600. యూజ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ దగ్గర టిక్కు పెట్టి, అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కితే క్రాప్ అని ఉంటుంది. అందులో వెడల్పు 2,800, ఎత్తు 3,600 ఇచ్చాం. ఎడమ నుంచి 100 గడులు, పై నుంచి 200 గడులు వదిలాం. మీ ఫొటోలో తల ఎక్కడుందో చూసి ఈ రెండు అంకెలూ మార్చుకోవచ్చు.

రెండో విడతలో జాబితా ఖాళీ చేసి, ‘కత్తిరించినవి’ ఎక్కించి, ‘చిన్నవి’ని దాచే చోటు చేశాం. మళ్ళీ అడ్వాన్స్‌డ్ లోకి వెళ్ళి క్రాప్ టిక్కు తీసేసి, రీసైజ్ టిక్కు పెట్టి వెడల్పు 350 అని కొట్టాం. ప్రిజర్వ్ యాస్పెక్ట్ రేషియో టిక్కు ఉంటే ఎత్తు అదే లెక్కకట్టుకుని 450 చేసుకుంటుంది. ముఖాన్ని కాపాడేది ఆ ఒక్క టిక్కే. నన్నడిగితే దానికి ఎర్ర రంగు వేయాలి.

ఆ పెట్టెలోనే రెండు ప్రమాదకరమైన టిక్కులున్నాయి. ఒకటి ఓవర్‌రైట్ ఎగ్జిస్టింగ్ ఫైల్స్, అంటే అదే పేరుతో ముందే ఉన్నదాని మీద రాసేయమని. రెండోది డిలీట్ ఒరిజినల్ ఫైల్స్ ఆఫ్టర్ కన్వర్షన్, అంటే పని అయ్యాక అసలువి తీసేయమని. రెండూ ఖాళీగా ఉన్నాయో లేదో స్టార్ట్ బ్యాచ్ నొక్కే ముందు వేలు పెట్టి చూడండి. జట్టు పనిలో ఉన్న ఇబ్బంది ఇదే. మంచి మాట చెప్తే 78కీ మంచి చేస్తుంది, చెడ్డ మాట చెప్తే 78నీ పాడుచేస్తుంది, మధ్యలో ఆగి అడగదు. అందుకే మొదట రెండు ఫొటోలు మాత్రమే ఎక్కించి చేసి చూసుకోవడం మేలు. అన్నం ఉడికిందో లేదో రెండు మెతుకులు పట్టుకుని చూస్తాం కదా.

ఇప్పుడు గడులు తగ్గాయి. కానీ 1,57,500 గడులకి మూడేసి అంకెలంటే 4,72,500, అంటే దాదాపు 461 కె.బి. ఫారం అడిగింది 50. మిగతా పని జె.పి.జి. చేస్తుంది. ఇది వేరే విద్య. ఇందులో గడులు తగ్గవు, గడుల గురించి రాసుకునే పద్ధతి తగ్గుద్ది. ఫొటోని 8 గడులు అడ్డం, 8 గడులు నిలువు ముక్కలుగా చేస్తారు. ఒక్కో ముక్కలో వెలుగు మెల్లగా ఎటు మారుతోంది, గబగబా ఎక్కడ మారుతోంది అని విడదీస్తారు. మెల్లటి మార్పుని జాగ్రత్తగా ఉంచి, మన కంటికి అంతగా తెలియని గబగబా మార్పుని ఉజ్జాయింపుగా రాస్తారు. కొండ మీద నిలబడి కింద థింసా ఆడుతుంటే చూడండి, వరస ఎటు వంగిందో బాగా తెలుస్తుంది. ఎవరి కాలి వేలు ఎక్కడ పడిందో తెలీదు. తెలియని దాన్ని పూర్తిగా రాయడం దేనికి అని జె.పి.జి. అనుకుంటుంది.

ఈ లెక్క కనిపెట్టింది మన దేశంలో పుట్టిన ఆయనే. పేరు నసీర్ అహ్మద్. 1940లో బెంగళూరులో పుట్టారు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ప్రొఫెసరుగా ఉన్నప్పుడు 1972లో ఈ ఆలోచన మీద పరిశోధన చేస్తాను, డబ్బు సాయం చేయండి అని అక్కడి జాతీయ సైన్సు సంస్థకి రాశారు. ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలిగ్గా ఉందని ఒకరు అన్నారట. ఆయన ఊరుకోలేదు. 1973 వేసవిలో జీతం లేకుండానే దాని మీద పనిచేశారు. టి. నటరాజన్, కె. ఆర్. రావు గార్లతో కలిసి రాసిన వ్యాసం 1974 జనవరిలో అచ్చయింది. 1992లో జె.పి.జి. పద్ధతిని ప్రపంచమంతటికీ ప్రమాణంగా ఒప్పుకున్నప్పుడు దాని లోపల ఉన్నది ఆ లెక్కే. ఇప్పుడు ప్రతి ఫోనులోనూ అదే. మరీ తేలిక అన్న ఆ మనిషి ఇది చూసి ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

జె.పి.జి. పక్కన ఉన్న ఆప్షన్స్ బటన్ నొక్కితే క్వాలిటీ అని 1 నుంచి 100 దాకా అంకె ఉంటుంది. మొదటి విడతలో 100 పెట్టాం. ఎందుకంటే జె.పి.జి.గా దాచిన ప్రతిసారీ కొంత పోద్ది, మధ్యలోనే పోగొట్టుకోకూడదు. రెండో విడతలో 85 పెడితే ఒక్కో ఫొటో 40 కె.బి. దగ్గర వచ్చింది. మీకు 50 దాటితే 80 పెట్టి చూడండి. మరీ 30, 40కి దించితే చెంపల మీద చదరాలు చదరాలుగా కనిపిస్తాయి. ఆ చదరాలు ఇందాక చెప్పిన 8 గడుల ముక్కలే. మొదట 78 ఫొటోలూ కలిపి 273 ఎం.బి. ఉండేవి. ఇప్పుడు అన్నీ కలిపి మూడు ఎం.బి. చిల్లర. ఒక్క పెద్ద ఫొటో అంత కూడా లేవు! మన నెట్టు ఎంత మెల్లగా నడుస్తుందో మీకు తెలుసు. ఇప్పుడు వార్డెన్ మేడమ్ ఫోను పట్టుకుని ట్యాంకు ఎక్కక్కర్లేదు.

అదే చోట ఎక్సిఫ్ అని ఇంకో టిక్కు ఉంది. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీస్తే, అది ఎక్కడ తీశారో ఆ చోటు కూడా ఫొటో లోపల దాక్కుని ఉంటుంది. పైకి కనిపించదు. తెలిసినవాళ్ళు తీసి చూస్తే మన హాస్టలు మ్యాపులో దొరికిపోద్ది. ఆడపిల్లల ఫొటోలు ఎవరెవరి చేతుల్లోకో వెళ్తాయి కాబట్టి కీప్ ఒరిజినల్ ఎక్సిఫ్ టిక్కు తీసేయాలి. పెద్దక్కలు ఫోన్లలో ఫొటోలు తీసేటప్పుడు కెమెరాలో లొకేషన్ ఆపేస్తే ఇంకా మంచిది.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. ఫోను పెట్టే పేర్లు తేదీ, టైము అంకెలతో పొడుగ్గా ఉంటాయి, ఎవరిదేదో తెలియదు. బ్యాచ్ పెట్టెలో పేరు మార్చే వీలు కూడా ఉంది. మూడు హ్యాష్ గుర్తులు పెడితే 001, 002 అని వరసగా పెడుతుంది. మేము ఒక్కో తరగతిని విడిగా, రోల్ నంబర్ల వరసలోనే ఫొటోలు తీశాం కాబట్టి ఆ నంబరే రోల్ నంబరు అయిపోయింది. ఆ రోజు రానివాళ్ళ బదులు పలక మీద వాళ్ళ నంబరు రాసి పలకనే ఫొటో తీశాం. లేకపోతే వాళ్ళ తర్వాత అందరికీ ఒక నంబరు జరిగిపోయేది. ఈ ఉపాయం పదో తరగతి అక్కది. ఊరి నుంచి వచ్చాక వాళ్ళవి తీసి పలక ఫొటోల చోట పెట్టాం.

ఇంటి నుంచి ఫొటోలు తెప్పించుకునేవాళ్ళు ఒకటి వినండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది మనల్ని అడగకుండానే ఫొటోని చిన్నది చేసేస్తుంది. 2023లో హెచ్.డి. అనే వీలు వచ్చింది, అది కొంత నయం. అసలు ఉన్నది ఉన్నట్టు రావాలంటే డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. ముఖ్యంగా అవ్వలవి, తాతలవి, పండగలవి. పంపాక ఫోనులోది తీసేయొద్దని అన్నయ్యలకి గట్టిగా చెప్పండి.

‘పెద్దవి’ ఫోల్డర్‌ని రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టాం. ఒకటి ల్యాబులో, ఒకటి వార్డెన్ మేడమ్ బీరువాలో ఉన్నాయి. మా రూము అమ్మాయి అవ్వ ఫొటో కూడా రెండిట్లో ఉంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాబు తీస్తారు. వచ్చి ‘చిన్నవి’లో మీ నంబరు కింద మీ ముఖమే ఉందో లేదో చూసుకోండి. 31, 32 నంబర్లవాళ్ళు తప్పకుండా రావాలి. వాళ్ళిద్దరూ కవలలు, ఫొటోలు తారుమారైతే మేమెవ్వరం కనిపెట్టలేం.

– 9వ తరగతి విద్యార్థిని